ఆశ్రిత శునకము

కుక్కను ఇంటిలోనికి రానిచ్చు ఆచారము శ్రీవైష్ణవ గృహములలో పూర్వము లేదు. వీధి అరుగు వరకే దానికి అధికారము. అయినను దానిని మరచిన గృహస్థు లేడు. వైశ్వదేవానంతరము బలులు సమర్పించిన పిదప శునకములకును, కాకులకును, కీటకములకును అన్నమును నేలపై మెల్లగా ఉంచవలెనని మనుస్మృతి విధించినది. విసరివేయుమని చెప్పలేదు, మెల్లగా ఉంచుమని చెప్పినది. ఆ మర్యాదతో ఊరి కుక్క అరుగు క్రింద బ్రతికినది, అక్కడనే కన్ను మూసినది. దాని గుండెలో ఏ వ్యాధి యున్నదో ఎవరును ఎరుగరు. ఎరిగినను చేయదగినది లేకుండెను.

నేడు పరిస్థితి మారినది. గోదావరీ తీరమున ఒక పట్టణములో ఇట్టి గృహము నొకదానిని ఊహించుకొనవచ్చును. వృద్ధ దంపతులు, నిత్యారాధన గల ఇల్లు. మనుమరాలు చిన్ననాడు ముచ్చటపడి తెచ్చుకొన్న పామరేనియన్ కుక్క అచట పెరిగినది. దానికి ముత్యమని పేరు. మనుమరాలు చదువునకై విదేశమునకు వెళ్లినది. కుక్క మిగిలినది. దానికి పదునొకండవ యేడు వచ్చునప్పటికి రాత్రులందు పొడిదగ్గు మొదలైనది. వీధి చివర వరకైనను నడువలేక కూర్చుండిపోవుట మొదలైనది. పశువైద్యుడు గుండె చప్పుడు విని, ఎక్స్‌రే తీయించి, అల్ట్రాసౌండు పరీక్ష చేయించి, ఇది హృద్రోగమనియు, పూర్తిగా నయమగునది కాదనియు, అయినను మందులతో కొంతకాలము సుఖముగా నుండగలదనియు చెప్పెను. అప్పటికే ఆ దంపతులు వైకుంఠ ఏకాదశికి శ్రీరంగ యాత్ర నిశ్చయించుకొని, రైలు టిక్కెట్లు కూడ తీసికొనియుండిరి.

ఇచ్చటనే ధర్మసందేహము పుట్టుచున్నది.

వ్యాధి స్వరూపము మొదట తెలియవలెను. కుక్క గుండెకును మనుష్యుని గుండెవలెనే నాలుగు గదులు. ఎడమ ప్రక్క పై గదికిని క్రింది గదికిని నడుమ ఒక కవాటము కలదు. చిన్నజాతి కుక్కలకు వయసు మీరినపుడు ఈ కవాటపు రెక్కలు మందమై, ముడుతలు పడి, సరిగా మూసికొనవు. ముందునకు పోవలసిన రక్తములో కొంత వెనుకకు చిమ్మును. వైద్యుడు చెవి యొగ్గి వినునపుడు వినబడు మర్మరధ్వని ఈ చిమ్ముటయే. క్రమముగా గుండె సాగి పెద్దదగును. తుదకు ఊపిరితిత్తులలో నీరు చేరును. డాబర్మాన్ వంటి పెద్దజాతులలో వ్యాధి వేరు రీతిది. అందు గుండె కండరమే బలహీనపడును. రెండింటను కడపటి బాధ ఒక్కటే, శ్వాస అందకపోవుట.

దీనికి వైద్యము లేదనుట పొరపాటు. 2016వ సంవత్సరమున వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, గుండె పెరిగినను ఆయాసాది లక్షణములు ఇంకను పైబడని 360 కుక్కలను పరిశీలించిరి. పిమోబెండాన్ అను మందు పుచ్చుకొన్న వానికి ఆ లక్షణములు సుమారు 15 నెలలు ఆలస్యముగా వచ్చినవి. కుక్క ఆయుర్దాయములో పదునైదు నెలలు స్వల్పము కాదు. ఊపిరితిత్తులలో నీరు చేరిన తరువాత దానిని లాగివేయుటకు ఫ్యూరోసెమైడ్ మాత్రలు, వానికి తోడు ఎనలాప్రిల్ వంటివి వైద్యుడు నిర్ణయించిన మోతాదులో ఈయవలసియుండును. ఇవి పూటపూటకు ఈయవలసినవి. కుక్క హుషారుగా నున్నదని రెండు దినములు మానివేయుటకు వీలులేదు.

కనుక ఇది ఒకనాటి జాలితో ముగియు వ్యవహారము కాదు. ప్రతి దినమును, ప్రతి పూటయును, ధనమును, నిద్రను అడుగు సేవ. అందువలననే చుట్టపక్కములలో మాటలు పుట్టినవి. ఒకరు, మనుష్యులే మందులు లేక మరణించుచుండగా కుక్కకు ఇంత వ్యయమా యనిరి. ఒకరు, మడి ఏమగునని అడిగిరి. శాస్త్రము చదివిన వారొకరు మాత్రము అన్నిటికంటె బరువైన ప్రశ్న వేసిరి: జడభరతుని కథ మరచితిరా?

మొదటి రెండింటికి సమాధానము సులభము. మడి సంగతి యందురా, అపవిత్ర స్పర్శకు స్నానము విధించిన శాస్త్రము, అట్టి స్పర్శ జరుగునని తెలిసియే విధించినది. మాత్ర మ్రింగించి స్నానము చేసి ఆరాధనకు కూర్చుండుటలో లోపమేమియు లేదు. లోపమున్నచో అది చన్నీటికి బద్ధకించువారిది. వ్యయము మాట కొంత ఆలోచింపదగినదే. పిల్లల చదువునో, ఇంటిలోని రోగి మందులనో తగ్గించి కుక్కకు ఖర్చు పెట్టుమని ఎవరును చెప్పరు. కాని ఈ ప్రశ్న అడుగువారిలో పెక్కురు ఆ ధనమును పేదల వైద్యమునకు పంపుచున్నారా యని చూచినచో, పంపుచున్నట్లు కనబడదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శాసనములు నేటికిని బండలపై కలవు. అందొకదానియందు ఆ రాజు రెండు విధములైన చికిత్సలు ఏర్పాటు చేసినట్లు చెప్పుకొనెను. ఒకటి మనుష్యులకు, రెండవది పశువులకు. ఒకటి చేసినచో మరియొకటి చేయరాదని ఆ రాజునకు తోచలేదు.

మూడవ ప్రశ్న అట్లు త్రోసివేయదగినది కాదు. భాగవతము పంచమ స్కంధమున భరతుడు రాజ్యమును, భార్యాపుత్రులను విడిచి గండకీ తీరమున పులహాశ్రమమున తపస్సు చేయుచుండెను. సాలగ్రామములు లభించు పుణ్యనది అది. నిండు చూలాలైన లేడి నీరు త్రాగుచుండగా సింహగర్జన విని బెదరి దుమికినది. గర్భము జారి పిల్ల ప్రవాహములో పడినది. తల్లి ఆవలి యొడ్డున మరణించినది. కొట్టుకొనిపోవు లేడిపిల్లను భరతుడు తీసికొని పెంచెను. దానిపై మక్కువ పెరిగెను. జపము నడుమ లేచి అది ఎచ్చట నున్నదో చూచుట, దర్భలకు పోవునపుడు భుజముపై మోయుట, అది కనబడనిచో విలపించుట. ఇట్లు నియమములొక్కటొక్కటిగా సడలిపోయెను. మరణకాలమున లేడినే తలచుచు లేడియై పుట్టెను.

ఈ కథను బట్టి మూగజీవిని పెంచరాదని తేల్చుట తొందరపాటు. ఏటిలో కొట్టుకొనిపోవు పిల్లను భరతుడు చూచి ఊరకుండవలసినదని భాగవతము ఎచ్చటను అనలేదు. ఎత్తికొనుట దయయే. పాలిచ్చి బ్రతికించుటయు దయయే. అయితే దోషము ఎచ్చట ప్రవేశించినది? అది తనదను మమకారము వలన తన నిత్యకృత్యము చెడినపుడు ప్రవేశించినది. లేడికి భరతుని అవసరము తీరిపోయిన తరువాత కూడ భరతునికి లేడి అవసరము తీరలేదు. ఎవరి అవసరమున కెవరు సేవ చేయుచున్నారను విషయము తారుమారైనది. వ్యాధిగ్రస్తమైన కుక్కను చూచుకొను గృహస్థు తన్ను తాను పరీక్షించుకొనవలసిన స్థానము ఇదియే. దాని దగ్గునకు మందు వేయుట ఒకటి. అది లేక తాను బ్రతుకజాలనని కన్నీరు కార్చుచు సంధ్య మానివేయుట మరియొకటి. రెండును బయటికి ప్రేమవలెనే కనబడును. భరతుడంతటి వాడే పోల్చుకొనలేకపోయెను గదా!

భరతునికి ఎదురుగా నిలుపదగినవాడు ధర్మరాజు. మహాభారతము ఒక కుక్కతో మొదలై ఒక కుక్కతో ముగియుచున్నదనిన అతిశయోక్తి కాదు. ఆదిపర్వమున సరమ యను దేవశుని కుమారుని, ఏ తప్పును చేయనివానిని, జనమేజయుని తమ్ములు యజ్ఞశాలలో కొట్టిరి. సరమ వచ్చి న్యాయమడిగినది. సమాధానము లేకపోగా, ఎదురుచూడని భయము మీకు కలుగునని శపించినది. నన్నయ భట్టారకుడు ఈ కథను తన ఆదిపర్వమున చెప్పెను. తిక్కన సోమయాజి తెనిగించిన కడపటి పర్వములలో మరల కుక్క వచ్చును. పాండవులు హిమవంతము దాటి పోవుచుండగా వెంట నొక కుక్క నడచినది. ద్రౌపది పడిపోయెను. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. ధర్మజుడు ఆగలేదు, వెనుదిరిగి చూడలేదు. తుదకు ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. కుక్కలు గలవారికి స్వర్గమున తావు లేదనియు, వారి పుణ్యమును క్రోధవశులను దేవతలు హరింతురనియు, విడుచుటలో క్రౌర్యమేమియు లేదనియు నచ్చజెప్పెను. ఆశ్రయించిన దానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని ధర్మజుడు కదలలేదు.

అప్పుడు ఇంద్రుడు వేసిన ప్రశ్నయే ఈ ఘట్టమునకు ప్రాణము. తమ్ములను, భార్యను విడిచి వచ్చిన వాడవు, కుక్కను విడువలేవా? దానికి ధర్మజుడు, మృతులతో సంధి గాని విగ్రహము గాని లేదు, వారిని బ్రతికించుట నావశము కాదు, జీవించి యుండగా వారిని నేను విడువలేదు, అను అర్థము వచ్చునట్లు పలికెను. ఇది మమకారపు మాట కాదు. మమకారమే అయినచో తన కన్నబిడ్డలవంటి తమ్ములు కూలినచోటనే కూలబడియుండెడి వాడు. ప్రాణమున్నంతవరకు విడువడు, ప్రాణము పోయిన పిదప పట్టుకొని వ్రేలాడడు. భరతునికిని ధర్మజునికిని గల భేదము ఇచ్చట తేటపడుచున్నది. లేడిని చేరదీసినవాడు పడిపోయెను, కుక్కను విడువనివాడు బొందితో స్వర్గమెక్కెను. మృగములు కాదు, వారి మనస్సులు వేరు.

శరణాగతి ధర్మము నెరిగిన వారికి ఇది క్రొత్త సంగతి కాదు. విభీషణుడు సముద్రతీరమున ఆకాశముననే నిలిచి శరణు వేడినపుడు శ్రీరామచంద్రుడు పలికిన వ్రతవాక్యములో అభయము మనుష్యులకు మాత్రమే పరిమితము కాలేదు, సకల భూతములను చుట్టినది. వేదాంత దేశికులు ఆ ఘట్టముపైనే అభయప్రదానసారమను గ్రంథమును వెలయించిరి. కుక్క నోరు విప్పి శరణు వేడలేదు గదా యని అనవచ్చును. నిజమే. దానికి మాట లేదు. పదునొకండేండ్లు ఆ ఇంటి గడప వద్ద పడుకొన్నది; అడుగుల చప్పుడు విని తోక ఊపినది; మరియొక చోటికి పోవలెనను తలంపే దానికి లేదు. పోవుటకు దానికి చోటును లేదు.

గీతాచార్యుడు అయిదవ అధ్యాయమున పండితుని సమదృష్టికి లక్ష్యములుగా బ్రాహ్మణుని, గోవును, ఏనుగును చెప్పి కుక్కను కూడ చేర్చెను. సమముగా చూచుట యనగా సమముగా తినిపించుట కాదని పెద్దలు చమత్కరింతురు. ఈ మాట రోగగ్రస్తమైన కుక్క విషయమున అక్షరాల పాటింపదగినది. భక్తులలో ఒక అలవాటు కలదు. ప్రసాదమును ఇంటిలోని ప్రతి ప్రాణికిని పంచుదురు. భావము మంచిదే. కాని తిరుమల లడ్డులో ఎండుద్రాక్ష యుండును, చక్కెరపొంగలిలోను వేయుదురు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండములను చెడగొట్టగలవు. పులిహోరలోని ఉప్పు చెడిన గుండెకు భారము. అప్పడము, ఊరగాయ మాట చెప్పనక్కరలేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమునకు హానికరములు. అవి ఎట్లును ఆ గృహములలో వండరు గనుక ఆ చింత లేదు. ప్రసాదమును మనుష్యుడు కన్నుల కద్దుకొని తాను స్వీకరించి, కుక్కకు ఉప్పులేని అన్నము పెట్టినచో అపచారమేమియు లేదు. ప్రేమతో విషము పెట్టుట కంటె అదియే ఆరాధన.

తక్కిన ఉపచారము కష్టమైనది కాదు, ఓర్పుతో కూడినది. మెడపట్టీ గొంతును నొక్కి దగ్గు పెంచును. రొమ్ము చుట్టును కట్టు పట్టీ మేలు. నడక చల్లని వేళలందే. ఫ్యూరోసెమైడ్ వలన దాహము, మూత్రము ఎక్కువగును. ఇల్లు తడుపుచున్నదని నీటి గిన్నె తీసివేయుట క్రూరము, ప్రమాదము కూడ. మనుష్యుల నొప్పి మాత్రలు తోచినట్లు ఈయరాదు. వీనియన్నిటి కంటె ముఖ్యమైనది నిద్రలో శ్వాస లెక్కించుట. కుక్క గాఢనిద్రలో నుండగా రొమ్ము పైకి లేచి క్రిందికి దిగుట ఒక శ్వాస. నిమిషమునకు 30 లోపు ఉండుట మంచిది. వరుసగా దాని కెక్కుచున్నచో ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదని సూచన. తెల్లవారువరకు దగ్గు వినుచు కూర్చుండక వైద్యునికి తెలుపవలెను. అష్టాక్షరిని లెక్కపెట్టుటకు అలవాటుపడిన వ్రేళ్లకు ఇది కష్టమగునా?

ఇక యాత్ర. దైవదర్శనమునకు పోవుటయా, కుక్క వద్ద నిలుచుటయా? యాత్రికులకు ఊరటనిచ్చు ఒక వృత్తాంతము చైతన్య చరితామృతమున కలదు. వంగదేశమునుండి ఏటేట భక్తులను పురుషోత్తమ క్షేత్రమునకు తోడ్కొనిపోయెడి శివానంద సేనుని వెంట ఒక పర్యాయము ఒక కుక్క నడచినది. నది దాటునపుడు ఓడవాడు కుక్కను ఎక్కించుకొననిచో, శివానందుడు పది పణముల గవ్వలిచ్చి దానిని దాటించెను. ఒకనాడు ఆయన లేని సమయమున సేవకుడు దానికి అన్నము పెట్టుట మరచెను. రాత్రి వచ్చి అడిగి, లేదని తెలిసి శివానందుడు పదిమందిని వెదకుటకు పంపెను. కుక్క దొరకలేదు. ఆయనయు ఆ రాత్రి భుజింపలేదు. పూరి చేరి చూడగా అది చైతన్య మహాప్రభువు సన్నిధిని కూర్చుండి, ఆయన విసరుచున్న కొబ్బరి ముక్కలు తినుచు హరినామము పలుకుచుండెను. శివానందుడు దానికి సాష్టాంగపడి తన అపరాధమునకు క్షమాపణ వేడుకొనెను. అంతటి యాత్రానాయకునికి కుక్క కూడు యాత్రలో భాగమే. అది మరచిన దినమున యాత్ర కొరవడినది.

అయితే గుండె చెడిన కుక్కను శ్రీరంగమునకు రైలులో మోసికొనిపోవుట దానిని హింసించుటయే. నమ్మదగినవారికి మందుల వేళలు నేర్పి అప్పగించి పోవుట ధర్మవిరుద్ధము కాదు. విడుచుటకును అప్పగించుటకును ఎంతో భేదమున్నది. మనుమరాలు దూరవాణిలో, తాతయ్యా, దానిని ఎవరికైన ఇచ్చివేయండి, నాకొరకు మీరు యాత్ర మానుకొనవద్దు, అని ఏడ్చినది. ఆయన, నీకొరకు కాదమ్మా, అని మాత్రము చెప్పి ఊరకుండెను.

మిగిలినది కడపటి ప్రశ్న. మందులు పనిచేయని దినము వచ్చును. గాలికై మెడ చాచి, పడుకొనలేక, నిలువలేక రాత్రియంతయు గడపు స్థితి అది. నీట మునుగువాని బాధ వంటిది. అప్పుడు సూదిమందుతో శాంతముగా ముగింపవచ్చునని వైద్యుడు చెప్పును. ప్రాణము పోసినవాడు గాక మరియొకడు తీయరాదను సంప్రదాయ బుద్ధికి ఇది మ్రింగుడుపడని మాట. అట్లని దీనిని ఒక్కమాటతో హత్య యని నిందించుటయు న్యాయము కాదు. తేల్చవలసినది ఒకటే, ముగియవలసిన బాధ ఎవరిది? కుక్క బాధయా, దాని దగ్గుతో నిద్ర చెడినవాని బాధయా? రెండవదైనచో అది ఇంద్రుడు చెప్పిన త్యాగమే, పేరు మాత్రము కరుణ. మొదటిదైనచో, అన్ని ఉపాయములును తీరిన పిదప, వైద్యుని మాటపై, చెంతనే కూర్చుండి ఆ నిర్ణయము చేసినవానిని తప్పుపట్టుటకు అధికారము ఎవరికున్నదో చెప్పుట కష్టము. సహజముగా పోవువరకు ఆక్సిజను, మందులతో ఉపశమించుచు కనిపెట్టుకొనియుండువారును కలరు. ధర్మము ఇక్కడ ఒక్క త్రోవ చూపుట లేదు. ఏ త్రోవనైనను తోడు విడువరాదని మాత్రము చూపుచున్నది.

ఆ గోదావరీ తీరపు గృహములో తుదకు భార్య గోష్ఠితో కలిసి శ్రీరంగమునకు వెళ్లెను. భర్త నిలిచిపోయెను. పిమోబెండాన్ మాత్ర ఆహారమునకు ఒక గంట ముందు ఈయవలెను. ఏకాదశినాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చూడగా కుక్క నిద్రించుచుండెను, శ్వాస 26. దానిని లేపి మాత్ర వేసి, స్నానము చేసి, ఊరి కోవెలలో ఉత్తరద్వార దర్శనము చేసికొని, గంట నిండుసరికి తిరిగివచ్చెను. చేతిలో ఆకు దొన్నెలో చక్కెరపొంగలి యుండెను. నేతి పరిమళమునకు ముత్యము తల యెత్తి తోక ఊపినది. ఆయన దొన్నెను మర్నాటి పారణకై ఎత్తుగా గూటిలో పెట్టి, ఉప్పులేని అన్నము కలిపి గిన్నెను నేలపై మెల్లగా ఉంచెను.